తనిఖీకి లొంగే లాన్యార్డే కొనండి: 44 మి.మీ. డబుల్ లాన్యార్డు సమీక్ష

సైట్లలో అందరూ "డబుల్ రోప్ బెల్టు" అని పిలిచే సరంజామాలో ఒంటికి కట్టుకునే పట్టీల జత హార్నెస్‌ను పక్కన పెట్టి, దాని వీపు మీది డీ ఆకారపు ఇనుప రింగు (డీ రింగు) నుంచి పైనున్న ఆధారం దాకా వెళ్లి, మనిషి పడితే ఆపే లాన్యార్డు ఒక్కదాన్నే ఇక్కడ చూస్తున్నాం. రకం ఇది: 44 మి.మీ. వెడల్పున్న పాలిస్టర్ పట్టీతో రెండు కాళ్లు, రెండింటి చివరా పెద్ద నోరున్న స్కాఫోల్డ్ హుక్కులు, కాళ్లు కలిసేచోట కుదుపును తగ్గించే షాక్ అబ్జార్బర్ పొట్లం, దాని వెనక డీ రింగుకు తగిలించే కారబైనర్, అంటే గేటున్న లోహపు కొక్కెం. మొత్తం పొడవు 1.8 లేదా 2 మీటర్లు. ఇదే ఆకారం నాలుగైదు కంపెనీల నుంచి దొరుకుతుంది. పేరు కన్నా తయారీలోని తేడాలే ముఖ్యం కాబట్టి వాటినే పట్టుకుని చెబుతాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. మార్కెట్లో ఉన్న రకాల్లో భవన నిర్మాణానికీ స్కాఫోల్డింగ్ పనికీ మా మొదటి ఓటు దీనికే. కారణం బలం కాదు, ప్రమాణాలకు తగ్గట్టు చేసిన ఏ లాన్యార్డుకైనా బలం సరిపడా ఉంటుంది. ఇందులో బరువు మోసే భాగం దాదాపు మొత్తం కంటికి కనిపిస్తుంది, వేలికి తగులుతుంది. డ్రిల్లింగ్ మిషను పాడైతే తిరగడం మానేస్తుంది, ఆ సంగతి వెంటనే తెలుస్తుంది. లాన్యార్డు పాడైతే ఎప్పటిలాగే వేలాడుతూ ఉంటుంది. లాగి పరీక్షిద్దామంటే ఆ పరీక్షతోనే అది పనికిరాకుండా పోతుంది. చూపు, వేళ్లు తప్ప మన చేతిలో వేరే సాధనం లేదు. ఆ రెంటికీ అందని లాన్యార్డు ఎంత ఖరీదైనదైనా కొనదగ్గది కాదు.

ముందు ఇది ఏం చేయాలో చూద్దాం. మనిషి 1.8 మీటర్లు పడటానికి పట్టే సమయం 0.6 సెకను. ఆ చివర వేగం గంటకు 21 కిలోమీటర్లు. అబ్జార్బర్ లేని తాడు ఆ వేగాన్ని ఒక్క కుదుపుతో ఆపేస్తుంది, ఆ కుదుపు మొత్తం ఒంటి మీదే పడుతుంది. అబ్జార్బర్ అయితే లోపలి కుట్లు ఒకదాని తర్వాత ఒకటి తెగుతూ, లేదా జంట పట్టీల నేత విడిపోతూ, శక్తిని కొద్దికొద్దిగా తినేస్తుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 355 ప్రకారం 100 కిలోల బరువును ఆపేటప్పుడు దెబ్బ 6 కిలోన్యూటన్లు (ఒక కిలోన్యూటన్ అంటే సుమారు వంద కిలోల బరువు) దాటకూడదు, అబ్జార్బర్‌తో కలిపి పొడవు 2 మీటర్లు మించకూడదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10333-2 అబ్జార్బర్లను రెండు రకాలుగా విడదీస్తుంది: మొదటి రకం 1.8 మీటర్ల లోపు పడటానికి, దెబ్బ 4 కిలోన్యూటన్ల లోపు. రెండో రకం 4 మీటర్ల దాకా పడటానికి, దెబ్బ 6 కిలోన్యూటన్ల లోపు. మన దగ్గర భారత ప్రమాణం ఐఎస్ 3521 చూడాలి. లేబులు మీద ప్రమాణం నంబరు ఒక్కటి చూసి ఊరుకోకండి, ఎంత దూరం పడటానికి తయారుచేశారో కూడా చదవండి. హుక్కును పనివాడి పాదాల మట్టంలో తగిలించాల్సి వచ్చే పనికి మొదటి రకం సరిపోదు. వీపు మీది డీ రింగు నేల నుంచి సుమారు మీటరున్నర ఎత్తున ఉంటుంది. దానికి 1.8 మీటర్ల లాన్యార్డు కలిస్తే మనిషి 3.3 మీటర్లు పడ్డాకే అది బిగుసుకుంటుంది.

బరువు సంగతి మన సైట్లలో ఎవరూ పట్టించుకోరు. 6 కిలోన్యూటన్ల దెబ్బ వంద కిలోల మనిషికి అతని బరువుకు ఆరు రెట్లు. అదే దెబ్బ యాభై కిలోల కుర్రాడికి పన్నెండు రెట్లు. బక్కపలచని పనివాళ్లు ఎక్కువగా ఉన్న జట్టుకు తక్కువ బలంతోనే తెరుచుకోవడం మొదలుపెట్టే అబ్జార్బర్ కావాలి. లేబులు మీద కనిష్ఠ, గరిష్ఠ బరువులు రెండూ రాసిన కంపెనీని ఎంచుకోండి. పైహద్దు లెక్కలో ఒంటి బరువుతో పాటు పనిముట్ల సంచీ, బూట్లు, హెల్మెట్ అన్నీ కలపాలి.

ఈ లాన్యార్డుకు ఒక పెద్ద పరిమితి ఉంది: కింద ఖాళీ చాలా కావాలి. ఆధారం నుంచి కిందికి లెక్కపెట్టండి. లాన్యార్డు 2 మీటర్లు, అబ్జార్బర్ పూర్తిగా తెరుచుకుంటే 1.75, డీ రింగు నుంచి పాదాల దాకా 1.5, ఆపైన భద్రతకు అదనంగా వదిలే ఖాళీ 1 మీటరు. మొత్తం 6.25 మీటర్లు. మూడు మీటర్ల ఎత్తున్న మొదటి స్లాబు అంచున నిలబడి, అదే స్లాబు మట్టానికి హుక్కు వేసుకుని పడితే లాన్యార్డు పూర్తిగా పనిచేసేలోపే మనిషి నేలను తాకుతాడు. నెత్తికి పైన హుక్కు వేసుకుంటే అబ్జార్బర్ తక్కువే తెరుచుకుంటుంది, ఖాళీ కూడా తక్కువ సరిపోతుంది. మొదటి రెండంతస్తుల పనికి ఈ వస్తువును నమ్ముకోకండి. అక్కడ గట్టి రెయిలింగో, అంచు దాకా వెళ్లనివ్వని పొట్టి తాడో, పైనుంచి వేలాడుతూ, తాడును తనలోకి చుట్టుకుని మనిషి పడగానే బిగుసుకునే రిట్రాక్టబుల్ బ్లాకో వాడాలి.

ఇక భాగాల్లోకి వద్దాం. హుక్కు కొనేటప్పుడు నోరు ఎంత తెరుచుకుంటుందో కొలవండి. మన స్కాఫోల్డింగ్ పైపు బయటి వ్యాసం 48.3 మి.మీ. నోరు 50 మి.మీ. పైన ఉంటేనే అది తేలిగ్గా దిగుతుంది. బొటాబొటీగా ఉంటే పనివాడు హుక్కు నోటిని మూసే గేటును పూర్తిగా మూయకుండానే వదిలేస్తాడు, సగం మూసిన గేటుకు బలం ఉండదు. తర్వాత లాకు చూడండి. గేటు తెరవడానికి రెండు వేర్వేరు కదలికలు కావాలి: వెనకనున్న మీట నొక్కాలి, ఆ తర్వాతే గేటు లోపలికి తోయగలగాలి. ఒక్క తోపుతో తెరుచుకునే పాత హుక్కులను అమెరికాలో 1998 జనవరి 1 నుంచి నిర్మాణ పనుల్లో నిషేధించారు. పైపు తిరిగి గేటుకు ఒరుసుకుంటే చాలు, ఆ హుక్కు తనంతట తానే ఊడొస్తుంది. గేటు బలం కూడా అడిగి తెలుసుకోండి. అమెరికా ఆన్సీ ప్రమాణం 2007 నుంచి గేటుకు 16 కిలోన్యూటన్లు అడుగుతోంది. అంతకు ముందు అదే ప్రమాణంలో ఒక కిలోన్యూటన్ దగ్గరే ఉండేది. హుక్కు మీద చెక్కిన అంకెల్లో ఇది కనిపించాలి.

స్టీలా, అల్యూమినియమా అని చాలామంది అడుగుతారు. రోజంతా మోసేవాడికి అల్యూమినియం హాయిగా ఉంటుంది. కానీ తడి సిమెంటులోని క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది, కాంక్రీటు పోసే జట్టు చేతిలో అది తెల్లగా పొడిబారి గుంటలు పడుతుంది. కాంక్రీటు పనికి పూత ఉన్న స్టీలు, స్టీలు ఎరెక్షన్ (ఉక్కు చట్రాలు నిలబెట్టే పని), టవర్ల పనికి అల్యూమినియం, ఇదీ మా సలహా. విశాఖ, కాకినాడ తీరంలో వాడే స్టీలు హుక్కుల గేటు కీలును ఉప్పుగాలి బిగదీస్తుంది. వాటికి తుడుపు, నూనె రెండూ ఎక్కువసార్లే కావాలి.

పట్టీ విషయంలో 44 మి.మీ. వెడల్పుకున్న మేలు ఏమిటంటే అంచులు రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. దెబ్బ మొదలయ్యేది ఎప్పుడూ అంచులోనే. బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ హెచ్‌ఎస్‌ఈ చెప్పిన సంగతి ఒకటి గుర్తుంచుకోండి: పట్టీ అంచులో ఒక్క మిల్లీమీటరు కోత పడినా, నేతను బట్టి, బలం 5 నుంచి 40 శాతం దాకా పడిపోవచ్చు. ఒక్క మిల్లీమీటరంటే స్కేలు మీది రెండు చిన్న గీతల మధ్య ఎడం. "ఇంత చిన్న గాటుకే పారేస్తారా" అని వాదించే మేస్త్రీకి చూపించాల్సిన అంకె ఇదే. కొన్ని పట్టీల్లో పైనేత కింద వేరే రంగు పోగులు వేస్తారు, ఆ రంగు బయటపడితే అరుగుదల హద్దు దాటినట్టు. రెండు లాన్యార్డుల మధ్య ఎటూ తేలకపోతే ఆ ఏర్పాటు ఉన్నదాన్ని తీసుకోండి. కుట్లు కూడా పట్టీ రంగులో కాకుండా కొట్టొచ్చినట్టు వేరే రంగులో ఉండాలి. నల్ల పట్టీ మీద నల్లదారం వేస్తే ఆరు కుట్లు తెగినా ఎవరికీ కనబడదు.

అబ్జార్బర్ పొట్లమే ఈ రకంలోని బలహీనత. ఎక్కువ కంపెనీలు లోపలి మడతలను మూసేసి, పైన బిగుతైన ప్లాస్టిక్ తొడుగు వేస్తాయి. అది పారదర్శకంగా ఉంటే కొంత నయం. నల్ల తొడుగైతే బయటి ఆకారం, రెండు చివర్లు తప్ప ఇంకేమీ చూడలేం. ఈ ఒక్క విషయంలో పెట్జల్ కంపెనీ అబ్సార్బికా వరస మాకు బాగా నచ్చింది. అందులో అబ్జార్బర్‌ను జిప్పున్న గుడ్డ సంచీలో పెడతారు, జిప్పు తీసి మడతలన్నీ చూసి మళ్లీ మూసేయొచ్చు. ఖరీదు ఎక్కువే, కానీ మూడు నెలలకోసారి తనిఖీ జరిగే చోట ఆ డబ్బుకు విలువ ఉంది. మామూలు పొట్లం కొంటే కనీసం పారదర్శకమైన తొడుగు, దాని కిందే చదవగలిగే లేబులు ఉన్నదాన్ని ఎంచుకోండి.

మిగతా రకాల గురించి కొంచెం. హార్నెస్‌తో పాటు కట్టగా అమ్మే పురిపెట్టిన పాలీప్రొపిలీన్ తాడు, అబ్జార్బర్ లేనిది, అన్నిటికన్నా చవక. ఎండకు త్వరగా పెళుసుబారుతుంది, 165 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. పడుతున్న మనిషిని ఆపడానికి దాన్ని కొనవద్దు, ఇంతకు మించి చెప్పేదేమీ లేదు. 12 మి.మీ. కెర్న్‌మాంటిల్ నైలాన్ తాడు, అబ్జార్బర్‌తో వచ్చేది, మంచి వస్తువే. రాపిడికి బాగా ఓర్చుకుంటుంది. కాకపోతే బరువు మోసే లోపలి పోగులు పైతొడుగు కింద దాగి ఉంటాయి. వేళ్ల మధ్య నొక్కుతూ పోయి మెత్తబడినచోటు, గట్టి ముడిలా తగిలేచోటు పట్టుకోవడం నేర్చుకోవాలి. సాగే గొట్టం లాంటి ఎలాస్టిక్ లాన్యార్డు కాళ్లకు అడ్డం పడదు, పనివాళ్లకు ఇదంటే ఇష్టం. కానీ ముడతల మధ్య సిమెంటు ఇసుక చేరుతుంది, సాగదీసి పట్టుకుంటే తప్ప కోతలు కనబడవు. పట్టి సాగదీయడానికి ఒకరు, చూడటానికి ఒకరు, ఇద్దరుండాలి. దుమ్ము లేని ఫ్యాక్టరీ పనికి సరే, కాంక్రీటు సైటుకు వద్దు. స్టీలు వైరు లాన్యార్డు పదునైన అంచులకూ వేడికీ తట్టుకుంటుంది. కరెంటు లైన్ల దగ్గర మాత్రం దాన్ని అస్సలు వాడకూడదు.

ఏ దారం దేనికి ఓడిపోతుందో తెలియకపోతే ఎంత తనిఖీ చేసినా సగమే. నైలాన్‌కు ఆమ్లం శత్రువు, పాలిస్టర్‌కు గాఢ క్షారం శత్రువు. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ లాంటి చోట్ల ఆమ్లాలతో పనిచేసే యూనిట్లకు పాలిస్టరే సరైనది. కాస్టిక్ సోడా లైన్ల మీద పనిచేసేవారికి నైలాన్. తడి సిమెంటు కూడా క్షారమే. పాలిస్టర్ పట్టీ మీద సిమెంటు పాలు ఎండి గట్టిపడనివ్వకుండా ఆ సాయంత్రమే కడిగేయాలి. క్షారం తినడం ఒకెత్తు, గడ్డకట్టిన సిమెంటు రేణువులు పట్టీ వంగినప్పుడల్లా లోపలి పోగులను రంపంలా కోయడం ఇంకొకెత్తు. నైలాన్ తడిస్తే బలం కొంత తగ్గుతుంది, ఆరాక తిరిగొస్తుంది. వానాకాలం పనికి అందువల్ల కూడా పాలిస్టర్ మేలు. వెల్డింగ్, గ్యాస్ కటింగ్ చేసేవాళ్లకు ఈ రెండూ పనికిరావు. పాలిస్టర్ 250 డిగ్రీల పైన కరుగుతుంది, నిప్పురవ్వ వేడి దానికి ఎన్నో రెట్లు. వాళ్లకు అరామిడ్ పట్టీ ఇవ్వండి, దాన్ని ఎండలో మాత్రం వదలకండి. మంటకు తట్టుకునే అరామిడ్ సూర్యకాంతికి తట్టుకోలేదు.

తనిఖీ మూడు అంచెలుగా ఉండాలి. మొదటిది తొడుక్కునే ముందు ప్రతిసారీ, వాడేవాడే చేసేది. రెండోది రాతపూర్వకమైన వివర తనిఖీ. దీన్ని కనీసం ఆరు నెలలకోసారి, స్కాఫోల్డింగ్, కూల్చివేత, స్టీలు ఎరెక్షన్, టవర్ల వంటి మొరటు పనుల్లో మూడు నెలలకోసారి చేయమని హెచ్‌ఎస్‌ఈ సూచన. ఈఎన్ 365 ప్రకారం చూసినా రెండు తనిఖీల మధ్య పన్నెండు నెలలు దాటకూడదు. మూడోది ఏదైనా జరిగిన వెంటనే చేసేది: రసాయనం ఒలికినప్పుడు, నిప్పురవ్వలు పడినప్పుడు, ఎవరో లాన్యార్డుతో సామాను లాగారని తెలిసినప్పుడు. వివర తనిఖీ చేసే మనిషి ఆ లాన్యార్డు వాడే మనిషి కాకూడదు. "పారేయండి" అన్నాక ప్రాజెక్టు మేనేజర్ ఫోను చేసినా మాట మార్చుకోనక్కరలేనంత అధికారం అతనికి ఉండాలి.

చేసే పద్ధతి ఇలా. వెలుతురున్న చోట బల్ల మీద తెల్లగుడ్డ పరిచి కూర్చోండి. చేతి తొడుగులు తీసేయండి, వేళ్లకు తెలిసేది కంటికి తెలియదు. మొదట లేబులు చదవండి: సీరియల్ నంబరు, తయారీ నెల, సంవత్సరం, ప్రమాణం, పొడవు, బరువు హద్దు. చదవలేకపోతే తనిఖీ అక్కడితో ఆగిపోవాలి, ఆ లాన్యార్డు వాడుకలోంచి పోవాలి. మిగతా భాగం కొత్తగా మెరుస్తున్నా సరే. ఎప్పుడు తయారైందో తెలియనిదానికి వయసు లెక్క ఉండదు. గుడ్డతో, ప్లాస్టిక్‌తో చేసిన సరుకుకు కొన్ని కంపెనీలు తయారీ నుంచి పదేళ్ల హద్దు పెడతాయి, కొన్ని అంతకన్నా తక్కువ పెడతాయి. మీ వస్తువుతో వచ్చిన కాగితంలో ఉన్నదే మీకు చెల్లుతుంది.

తర్వాత కారబైనర్, రెండు హుక్కులు. ఒక్కో గేటును పదిసార్లు తెరిచి వదలండి. ప్రతిసారీ తనంతట తాను మూసుకుని, లాకు పడిన చప్పుడు రావాలి. మూసిన గేటును పక్కకు ఊపండి, రివెట్టు దగ్గర ఆట ఎక్కువైతే పక్కన పెట్టండి. గేటు కొస హుక్కు ముక్కు మీద సరిగ్గా కూర్చుంటోందా, ముక్కు విచ్చుకుందా చూడండి. కొత్త హుక్కు ఒకటి పక్కన పెట్టుకుని పోల్చడం అన్నిటికన్నా తేలికైన దారి. పైపూత మీది గీతలు ఫర్వాలేదు. గోరు తట్టుకునే గుంట, సన్నటి పగులు, రేకులుగా లేచే తుప్పు ఉంటే ఒప్పుకోవద్దు.

పట్టీ దగ్గర తొందరపడకండి. రెండు చేతులతో 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎడంతో పట్టుకుని, తలకిందులైన యూ ఆకారంలో వంచండి. వంచినచోట పైనేత విచ్చుకుని, మామూలుగా కనిపించని కోతలు నోరు తెరుస్తాయి. అక్కడినుంచి అరచేయంత ముందుకు జరపండి, మళ్లీ వంచండి. ఒక వైపు అయ్యాక రెండో వైపు, తర్వాత రెండో కాలు. అంచుల వెంట బొటనవేలు నడిపించండి. వెతకాల్సినవి: గాటు, లేచిన పోగులు, నిగనిగలాడే గట్టి మచ్చ (రాపిడి వేడికో నిప్పురవ్వకో దారం కరిగిన గుర్తు), చుట్టుపక్కల కంటే పాలిపోయిన రంగు, పొడిలా రాలే పోగులు, పెయింటు పడి బిరుసెక్కిన చోటు. పెయింటు రంగు వల్ల వచ్చే నష్టం ఏమీ లేదు. అందులోని ద్రావకం దారాన్ని తింటుంది, గట్టిపడిన పొర కింద ఏముందో కనబడదు. హుక్కు కంటిలో, అంటే పట్టీ దూరే రంధ్రంలో, తిరిగే పట్టీ మడతను పక్కకు జరిపి లోపలివైపు తప్పక చూడాలి. ఎక్కువ అరిగేది ఆ చోటే, ఎక్కువమంది వదిలేసేదీ ఆ చోటే.

కుట్టు గడులను ఒక్కొక్కటిగా చూడండి. ఒక్క దారం తెగి లేచినా, లాగితే ఊడొచ్చినా తిరస్కరించాలి. "మా టైలరు కుట్టేస్తాడు" అనే మాట ఇక్కడ వినబడకూడదు. ఆ దారం మందం, కుట్టు లెక్క తయారీదారు పరీక్షించి పెట్టినవి.

చివరిగా అబ్జార్బర్. తొడుగు చిరిగిందా, చివరి మడత బయటికి వచ్చిందా, పొట్లం కొత్తదానికన్నా పొడవైందా? వేళ్లతో నొక్కితే లోపలి మడతలు సమానంగా, గట్టిగా తగలాలి. ఒకచోట బోలుగా తగిలితే కొంత తెరుచుకుందని అర్థం. ఈఎన్ 355 పరీక్షలో 2 కిలోన్యూటన్లు, అంటే రెండొందల కిలోల బరువు వేలాడదీసినా 50 మి.మీ. కన్నా ఎక్కువ సాగకూడదు. అందుకే మనిషి ఊరికే దాని మీద వాలితే అది తెరుచుకోదు. సగం తెరుచుకున్న పొట్లం కనిపిస్తే దాని వెనక ఎవరో పడి చెప్పకుండా ఊరుకోవడమో, లాన్యార్డుతో సామాను లాగడమో ఉంటుంది. కారణం కనుక్కోండి, మందలించకుండా అడగండి. మందలిస్తే మరుసటిసారి అది మీ బల్ల మీదికే రాదు. పడుతున్న మనిషిని ఒకసారి ఆపిన లాన్యార్డు ఎంత బాగా కనిపించినా మళ్లీ వాడకూడదు.

తనిఖీలో బయటపడే గాయాల్లో చాలావాటికి మూలం వాడకంలోనే ఉంది. పనిలేని రెండో హుక్కును హార్నెస్ పక్కనున్న ఇనుప రింగుకు తగిలించుకోవడం అందులో మొదటిది. పడినప్పుడు ఆ కాలు అబ్జార్బర్‌కు అడ్డుగా బిగుసుకుని దాన్ని తెరుచుకోనివ్వదు, దెబ్బ నేరుగా ఒంటికి తగులుతుంది. ఆ హుక్కు కోసం హార్నెస్ ఛాతీ దగ్గర, లాగితే ఊడిపోయే ప్రత్యేకమైన లూపు ఉంటుంది, అక్కడే పెట్టాలి. రెండోది, ఒక డబుల్ లాన్యార్డుకు బదులు రెండు సింగిల్ లాన్యార్డులు కట్టుకోవడం. రెండూ తగిలించి ఉండగా పడితే రెండు అబ్జార్బర్లు ఒకేసారి పనిచేసి దెబ్బ రెట్టింపు దాకా వెళ్తుంది. ఒకే పొట్లానికి రెండు కాళ్లున్న లాన్యార్డు కొనమని చెప్పేది అందుకే. మూడోది, పట్టీని బీముకు చుట్టి హుక్కును తిరిగి అదే పట్టీకి వేసుకోవడం. ఆ పనికి తయారుచేసినదని లేబులు మీద లేకపోతే పట్టీ తెగుతుంది, గేటు మీద పక్కనుంచి బరువు పడుతుంది. పొడవు తగ్గించడానికి ముడి వేస్తే బలం సగం దాకా పోతుంది. స్లాబు అంచు, పర్లిన్ (పైకప్పు రేకుల కింది ఇనుప దూలం) అంచు మీదుగా పట్టీ వెళ్లే పని అయితే అంచు మీద పరీక్షించినట్టు రాసి ఉన్న లాన్యార్డే కావాలి. మామూలు లాన్యార్డును నిలువుగా కిందికి పడటానికే పరీక్షిస్తారు.

గల్ఫ్ సైట్లకు వెళ్లే మనవాళ్లకు "హండ్రెడ్ పర్సెంట్ టై ఆఫ్" అలవాటే: ఒక హుక్కు తగిలాకే రెండోది తీయాలి. ఆ పద్ధతిలో హుక్కులు రోజుకు వందలసార్లు తెరుచుకుంటాయి, స్ప్రింగులు ముందే అలసిపోతాయి. పైగా అక్కడి ఎండ. అలాంటి చోట మూడు నెలల తనిఖీ కూడా తక్కువే.

కడగడం తేలిక. 40 డిగ్రీలు దాటని నీళ్లు, ఘాటులేని సబ్బు, మెత్తటి బ్రష్షు. బ్లీచింగ్, థిన్నర్, పెట్రోలు, కిరోసిన్ దగ్గరికి రానివ్వద్దు. అబ్జార్బర్ పొట్లాన్ని నానబెట్టకుండా తడిగుడ్డతో తుడవండి. సబ్బు పోయేదాకా మంచినీళ్లతో కడిగి నీడలో, గాలి ఆడేచోట వేలాడదీయండి. హుక్కు కీలులో పలచటి నూనె ఒక చుక్క వేసి, మిగిలింది పట్టీకి అంటకుండా తుడిచేయండి. పట్టీ మీద మార్కర్‌తో పేర్లు, నంబర్లు రాయకండి. తనిఖీ అయిందని చూపడానికి మూడు నెలలకోసారి మార్చే రంగు గుర్తును లేబులు దగ్గరే కట్టండి. చాలా సైట్లలో కుట్ల మీద రంగు టేపు చుట్టేస్తున్నారు, దాంతో చూడాల్సిన చోటే కప్పుబడిపోతోంది.

సాయంత్రం గోనెసంచిలో కుక్కి, డీజిల్ డబ్బాల పక్కన కంటైనర్లో పడేసే అలవాటు మానాలి. మన వేసవిలో రేకు కంటైనర్ లోపల వేడి భరించలేనంతగా ఉంటుంది, బ్యాటరీల ఆమ్లం, థిన్నర్ ఆవిర్లు అందులోనే తిరుగుతుంటాయి. గోడకు కొయ్య మేకులు వరసగా కొట్టి, ఒక్కో మేకుకు ఒక్కో నంబరు వేసి వేలాడదీస్తే ఏది తిరిగి రాలేదో చూడగానే తెలుస్తుంది.

తిరస్కరించినదాన్ని ముందు ఎర్ర ట్యాగు వేసి తాళం ఉన్న పెట్టెలో పెట్టండి. నిర్ణయం ఖరారయ్యాక పట్టీని మూరెడు ముక్కలుగా కోసి, అబ్జార్బర్‌ను నిలువునా చీల్చి, హుక్కుల గేట్లు కోసేసి తుక్కులో వేయండి. కోయకుండా చెత్తకుప్పలో వేసింది వారం తిరక్కుండా ఇంకో కాంట్రాక్టరు మనిషి వీపు మీద కనిపిస్తుంది. రిజిస్టరులో ఆ సీరియల్ నంబరు ఎదురుగా తేదీ, కారణం, కోసినవారి సంతకం ఉండాలి.

కొనబోయే ముందు డీలరును ఒక నమూనా అడిగి బల్ల మీద పెట్టుకోండి. పైన చెప్పిన తనిఖీ మొత్తం ఆ కొత్తదాని మీదే చేసి చూడండి. హుక్కు కంటిలోని మడత జరగకపోయినా, కుట్టు రంగు పట్టీ రంగులో కలిసిపోయినా, లేబులు తడిగుడ్డకు చెరిగినా, పొట్లం లోపల ఏముందో తెలుసుకునే దారి లేకపోయినా ఆ మోడల్‌ను వెనక్కి పంపేయండి. నమూనాతో పాటు ఆ బ్యాచ్ పరీక్ష పత్రం, వాడుక వివరాల కాగితం తెలుగులోనో కనీసం బొమ్మలతోనో ఇవ్వగల డీలరుకే ఆర్డరు ఇవ్వండి.